కొత్తగా బండి నేర్చుకునేవారికి సేఫ్టీ కోర్సు: చేరే ముందు నుంచి రోడ్డెక్కేదాకా

బండి నడపడం చాలామందికి అన్నయ్యో, స్నేహితుడో నేర్పుతారు. ఖాళీ స్థలంలో క్లచ్ ఎప్పుడు వదలాలో, గేరు ఎలా మార్చాలో చూపిస్తారు. నాలుగు రోజులు తిరిగేసరికి బండి ముందుకు పోవడం వచ్చేస్తుంది, ఇక నేర్చుకోవాల్సింది అయిపోయిందనుకుంటాం. కానీ గట్టిగా ఆపడం, అడ్డొచ్చినదాన్ని తప్పించడం, ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఆ పాఠంలో ఉండవు. సేఫ్టీ కోర్సు ఉన్నది ఈ మూడింటి కోసమే.

అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో దాదాపు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో చిక్కుకున్నవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారు. తప్పించుకోవడానికి వాళ్లకు దొరికిన సమయం సాధారణంగా 2 సెకన్ల లోపే. ఆ కాస్త సమయంలో ఎక్కువమంది వెనక బ్రేకు బలంగా తొక్కి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేకును సరిపడా వాడలేదు. బండిని పక్కకు తప్పించే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనబడలేదు.

రెండు సెకన్లలో ఆలోచించి నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు. చేతికీ కాలికీ ఏది అలవాటైతే అదే బయటికొస్తుంది. కోర్సులో చేయించే ప్రతి సాధననూ ఈ దృష్టితో చూస్తే, పైకి చిన్నపిల్లల ఆటలా కనిపించేవి కూడా ఎందుకు చేయిస్తున్నారో అర్థమవుతుంది.

ఏ కోర్సులో చేరాలి

పేరు ఏదైనా ఫర్వాలేదు. చేరే ముందు కొన్ని సంగతులు మాత్రం తప్పకుండా అడిగి తెలుసుకోండి.

మొదటిది, బండి మీద ఎన్ని గంటలు ఉంటాం? అమెరికాలో 1973లో మొదలైన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ప్రాథమిక కోర్సులో పాఠాలకు సుమారు 5 గంటలైతే, బండి మీద సాధనకు సుమారు 10 గంటలు. మీరు చేరే కోర్సులోనూ బండి మీద గడిపే సమయమే ఎక్కువ ఉండాలి. పూటంతా వీడియోలు చూపించి చివర్లో నాలుగు రౌండ్లు తిప్పించేది సేఫ్టీ కోర్సు అనిపించుకోదు.

రెండోది, ఒక్కో ట్రైనర్ దగ్గర ఎంతమంది నేర్చుకుంటారు? ఆ ఫౌండేషన్ పద్ధతిలో గ్రౌండ్ మీద ఒక ట్రైనర్‌కు ఆరుగురికి మించి ఉండరు. బ్రిటన్‌లో 1990 నుంచి కొత్తవారికి తప్పనిసరి చేసిన శిక్షణలో గ్రౌండ్ మీద నలుగురు, రోడ్డు మీద ఇద్దరు మాత్రమే. మీ భుజాలు బిగుసుకున్నాయనీ, మీ చూపు కిందికి జారిందనీ ట్రైనర్ గమనించి చెప్పాలంటే గుంపు చిన్నదై ఉండాలి.

మూడోది, బండి ఎవరిది? శిక్షణ సంస్థ బండి మీద నేర్చుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. సొంత బండికి గీత పడుతుందేమోనన్న భయంతో ఉన్నవారు ఏ సాధనా పూర్తిగా చేయలేరు. శిక్షణ బండ్లు తేలికగా, సీటు తక్కువ ఎత్తులో ఉంటాయి. మీ ఎత్తు తక్కువైతే రెండు పాదాలూ నేలకు ఆనే బండి ఉందో లేదో ముందే అడగండి. బండి పడి దెబ్బతింటే ఖర్చు ఎవరిదో, గాయమైతే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

గేర్ల బండికీ స్కూటర్‌కీ కోర్సులు విడిగా ఉన్నచోట, రేపు మీరు నడపబోయేది గేర్ల బండి అయితే ఆ కోర్సే తీసుకోండి. మీకు ముందు నుంచీ ఉండాల్సిన నేర్పు ఒక్కటే, సైకిల్ మీద బ్యాలెన్స్. అది రాకపోతే ముందు కొన్నాళ్లు సైకిల్ తొక్కి, ఆ తర్వాత చేరండి.

వెళ్లే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

హెల్మెట్ కొనే ముందు దాని మీద భద్రతా ప్రమాణం గుర్తు చూడండి. ముఖాన్ని పూర్తిగా కప్పేదైతే గడ్డానికీ రక్షణ ఉంటుంది. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం లోపలికి నొక్కుకుపోవాలి. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగి చూడండి. ఊడి వచ్చేలా ఉంటే అది మీ సైజు కాదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా, లోపలి నురుగు పొర నలిగిపోయి ఉంటుంది. అలాంటిది అరువుగా ఇచ్చినా తీసుకోవద్దు. పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష ప్రకారం హెల్మెట్ తల గాయాల ముప్పును సుమారు 69 శాతం, మరణం ముప్పును సుమారు 42 శాతం తగ్గిస్తుంది.

మిగతావి సులువే. చీలమండలు కప్పే బూట్లు, మందపాటి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల జాకెట్, వేళ్లన్నీ కప్పే గ్లవ్స్ ఉండాలి. బూటు లేసులు వేలాడకుండా లోపలికి దోపుకోండి. లేసు గేరు రాడ్డుకు చుట్టుకుంటే ఆగేటప్పుడు కాలు కింద పెట్టలేరు. చున్నీ, వదులు దుస్తులు చైన్‌లో చిక్కుకుంటాయి, కాబట్టి అవి వద్దు.

ముందు రాత్రి సరిగా నిద్రపోండి, నీళ్ల సీసా వెంట తీసుకెళ్లండి. మత్తు కలిగించే మందులు ఏవైనా వాడుతుంటే ఆ రోజు క్లాసుకు వెళ్లకుండా తేదీ మార్చుకోవడం మేలు.

ఇప్పటికే కొంత బండి నడపడం వచ్చినవారికి ఒక మాట. మీకున్న అలవాట్లలో కొన్నింటిని ట్రైనర్ తప్పంటారు. అక్కడ వాదించకుండా వాళ్లు చెప్పినట్టే చేసి చూడండి. ఏమీ రానివారి కంటే కొద్దిగా వచ్చినవారికే ఈ కోర్సు కష్టం, ఎందుకంటే కొత్తది నేర్చుకోవడంతో పాటు పాతది వదిలించుకోవాలి.

క్లాసులో

పాఠాల్లో మనసు పెట్టి వినాల్సింది రోడ్డును చదివే పద్ధతి. ముందున్న బండికి కనీసం 2 సెకన్ల దూరం ఉంచాలి. ఆ బండి ఒక స్తంభాన్ని దాటగానే లెక్క మొదలుపెట్టండి. రెండు లెక్కపెట్టేలోపే మీరు ఆ స్తంభాన్ని చేరితే దగ్గరైపోయారని అర్థం. రాబోయే 4 సెకన్లలో మీరు వెళ్లబోయే దారి మీద గుంతలు, ఇసుక, నూనె మరకలు ఉన్నాయేమో చూస్తూ ఉండాలి. చూపు మాత్రం 12 సెకన్ల దూరం దాకా వెళ్లాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అది 120 మీటర్లు. అంత దూరం చూసే అలవాటు కొత్తవారిలో ఎవరికీ ఉండదు. క్లాసు అయ్యాక నడిచి వెళ్తున్నా, బస్సులో కూర్చున్నా ఈ లెక్క సాధన చేయవచ్చు.

గ్రౌండ్ మీద మొదటి గంటలు

బండి ఎక్కగానే తిరగడం ఉండదు. ముందు బండి చుట్టూ తిరిగి చూపిస్తారు: టైర్లలో గాలి, బ్రేకులు, లైట్లు, ఆయిల్, చైన్, స్టాండ్. తర్వాత ఏది ఎక్కడుందో చూడకుండానే చేయి వెళ్లేదాకా పట్టుకుని చూపమంటారు. ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు. కుడి చేతికి రేసు (యాక్సిలరేటర్), ముందు బ్రేకు. కుడి కాలికి వెనక బ్రేకు. చాలా బండ్లలో ఫస్ట్ గేరు కిందికి, మిగతావి పైకి, న్యూట్రల్ ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్యన ఉంటుంది. ఇంజన్ ఆపే కిల్ స్విచ్ కుడి బొటనవేలికి అందేలా ఉంటుంది. దాన్ని ఆ రోజంతా వాడండి, ఆపద వేళ వేలు తనంతట తానే అక్కడికి వెళ్లాలి.

అసలు పాఠం హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్‌ను పూర్తిగా వదలకుండా మధ్యలో పట్టి ఉంచడంతో మొదలవుతుంది. ఇక్కడ తొందరపడొద్దు. ఫస్ట్ గేరులో, రెండు కాళ్లూ నేల మీదే ఉంచి, క్లచ్‌ను చాలా మెల్లగా వదులుతూ రండి. ఒక చోట ఇంజన్ శబ్దం కొంచెం మారుతుంది, బండి ముందుకు కదలబోతుంది. అక్కడే చెయ్యి ఆపండి. బండి ఒక జానెడు కదలగానే క్లచ్ మళ్లీ నొక్కి, కాళ్లతో వెనక్కి నెట్టుకోండి. మళ్లీ వదలండి. ఇలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే ఆ చోటు ఎక్కడుందో మీ ఎడమ చేతి వేళ్లకు తెలిసిపోతుంది.

ఆ చోటు నుంచి క్లచ్ పూర్తిగా వదిలేదాకా ఉన్న ఆ కొద్దిపాటి జాగాలోనే మెల్లగా నడిపే నేర్పంతా ఉంది. ట్రాఫిక్‌లో పాకడం, ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడం, ఇరుకులో వెనక్కి తిప్పుకోవడం, అన్నీ దీంతోనే. కాబట్టి ట్రైనర్ ఇక చాలన్నా వీలైతే ఇంకొన్నిసార్లు చేయండి.

ఈ దశలో బండి పదే పదే ఆగిపోతుంది. పక్కవాళ్లు చూస్తున్నారన్న టెన్షన్‌తో క్లచ్ ఇంకా తొందరగా వదిలేస్తారు, అది మళ్లీ ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ ఒకే వరస పాటించండి: క్లచ్ నొక్కాలి, ముందు బ్రేకు పట్టుకోవాలి, స్టార్ట్ చేయాలి, ఊపిరి వదలాలి, అప్పుడు కదలాలి. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగిపోయినప్పుడు వెనక హారన్లు మోగుతున్నా చేతులు ఇదే వరసలో పనిచేస్తాయి.

చూపు ఎటు ఉంటే బండి అటు

మెల్లగా తిప్పడం, ఎనిమిది అంకె వేయడం, కోన్ల మధ్య నుంచి అటూ ఇటూ దూరడం చేయిస్తారు. వీటిలో ఎక్కువమంది తడబడేది ఒక్క కారణం వల్లే. కోన్‌కు తగలకూడదని కోన్‌నే చూస్తారు, బండి తిన్నగా దాని మీదికే వెళ్తుంది. కోన్ తర్వాత మీరు చేరాల్సిన చోటును చూడండి. వెనక్కి తిప్పుతున్నప్పుడు కళ్లు ఒక్కటే సరిపోవు, గడ్డం భుజం మీదికి వచ్చేలా తల పూర్తిగా తిప్పాలి.

చేతులూ కాళ్లూ చేయాల్సిన పని ఇలా ఉంటుంది. రేసు కొద్దిగా, మార్చకుండా నిలకడగా ఉంచండి. వేగాన్ని హాఫ్ క్లచ్‌తో, వెనక బ్రేకు మీద తేలికపాటి ఒత్తిడితో సరిచేసుకోండి. మెల్లగా తిరిగేటప్పుడు బండి లోపలికి వాలుతుంది కాబట్టి మీ శరీరాన్ని కొంచెం బయటి వైపుకు జరపండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోవద్దు. మెల్లని వేగంలో బండ్లు కింద పడేది ఎక్కువగా ఆ ఒక్క పని వల్లే.

బ్రేకు

కోర్సు మొత్తంలో ఒక్క సాధనకే సమయం ఉందంటే దీనికే ఇవ్వమంటాను.

ముందు బ్రేకు పడితే బండి తిరగబడుతుందని చాలామందికి చిన్నప్పటి నుంచీ భయం. సైకిల్ తొక్కిన రోజుల్లో విన్న మాట అది. నిజానికి బ్రేకు పడినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, ఆ టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రం తేలికై త్వరగా జారుతుంది. అందుకే ఆపే శక్తిలో సుమారు 70 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ముందు బ్రేకుదే. దాన్ని వాడడం మానేసినవారు అత్యవసరంలో తమకున్న బలంలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టేసినట్టే.

చిక్కంతా దాన్ని పట్టుకునే తీరులో ఉంది. ఒక్కసారిగా లాగితే బరువు ముందుకు రాకముందే చక్రం బిగుసుకుని జారుతుంది. తడిసిన స్పాంజిని పిండినట్టు మొదట మెత్తగా మొదలుపెట్టి, బరువు ముందుకు వస్తున్న కొద్దీ గట్టిగా పిండుతూ పోవాలి. ఇదంతా ఒక సెకను లోపే జరిగిపోతుంది, కానీ ఆ క్రమం ఉండాలి. అదే సమయంలో వెనక బ్రేకు తేలికగా, క్లచ్ పూర్తిగా లోపలికి, గేరు కిందికి, చూపు దూరంగా. ముందు చక్రాన్ని చూస్తూ ఆపేవారు ఆగగానే పక్కకు ఒరుగుతారు.

వెనక చక్రం బిగుసుకుని జారుతుంటే, హ్యాండిల్ నిటారుగా ఉంచి ఆగేదాకా అలాగే పట్టి ఉంచమంటారు, ఎందుకంటే బండి పక్కకు తిరిగాక బ్రేకు వదిలితే చక్రం ఒక్కసారిగా నేలను పట్టుకుని మనిషిని పైకి విసిరేస్తుంది. ముందు చక్రం బిగుసుకుంటే మాత్రం వెంటనే వదిలి, మళ్లీ మెత్తగా పట్టాలి. ఏబీఎస్ (బ్రేకు పడినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో రెండు బ్రేకులూ గట్టిగా పట్టి అలాగే ఉంచాలి. లివర్ వేళ్ల కింద వణికినా వదలకూడదు.

వేగం గురించిన ఈ చిన్న లెక్క గుర్తుంచుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. అడ్డం వచ్చినదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే, పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసేవారు మొత్తం 17 మీటర్లలో ఆగుతారు. అదే 72 కిలోమీటర్ల వేగంలో 48 మీటర్లు దాటిపోతారు. బ్రేకు పడ్డాక సాగే దూరం ఒక్కటే చూస్తే నాలుగు రెట్లవుతుంది. ట్రాఫిక్‌లో రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు లివర్ మీదే ఉంచమని చెప్పేది ఆ మొదటి సెకనులో కొంత మిగుల్చుకోవడానికే.

మలుపు, తప్పించడం

మలుపుకు నాలుగు పనులు, ఇదే వరసలో: మలుపు రాకముందే వేగం తగ్గించండి, మలుపు చివర దాకా చూడండి, తిరగాల్సిన వైపు హ్యాండిల్‌ను ముందుకు నెట్టండి, రేసు నిలకడగా ఉంచి బయటపడండి. మలుపు లోపలికి వెళ్లాక బ్రేకు వెతుక్కోవడం చాలా ప్రమాదాలకు మొదలు.

మూడో పని కొత్తవారికి వింతగా ఉంటుంది. కుడివైపు పోవాలంటే కుడి గ్రిప్‌ను ముందుకు నెట్టాలా? అవును. మెల్లని వేగం దాటాక ప్రతి రెండు చక్రాల బండీ ఇలాగే వాలుతుంది. తెలియకుండానే మనమందరం చేస్తున్న పని ఇది. కావాలనుకున్న క్షణంలో, కావలసినంత బలంగా చేయగలగడమే కోర్సు ఇచ్చే నేర్పు. సన్నని దారిలో తిన్నగా వెళ్తూ కుడి గ్రిప్‌ను కొంచెం, ఎడమ గ్రిప్‌ను కొంచెం నెట్టి చూపించమని ట్రైనర్‌ను అడగండి. ఒకసారి చేతికి తెలిస్తే సందేహం మళ్లీ రాదు.

అడ్డొచ్చినదాన్ని తప్పించడమంటే ఒకదాని వెంట ఒకటి రెండు నెట్టుళ్లు: పక్కకు వెళ్లడానికి ఒకటి, తిన్నగా కావడానికి రెండోది. నడుం నిటారుగా, మోకాళ్లు ట్యాంక్‌కు ఆనించి ఉంచండి. ఆ సమయంలో బ్రేకు వద్దు. బ్రేకు కావాలంటే తప్పించడానికి ముందో, తప్పించాకో. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, వాలడానికీ ఆగడానికీ ఒకేసారి అది సరిపోదు.

బండి పడితే

కంగారుగా ఎత్తబోవద్దు. కిల్ స్విచ్ నొక్కి, వీలైతే గేరులో పెట్టండి. కుడివైపు పడి ఉంటే ముందే సైడ్ స్టాండ్ వేసేయండి. నేల వైపుకు హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకు మీ వీపు ఆనించి కూర్చున్నట్టు వంగండి. ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో వెనకున్న గట్టి రాడ్డు పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి చిన్న అడుగులు వేస్తూ లేపండి. నడుంతో లాగితే నడుం పట్టేస్తుంది. శిక్షణ బండి పడడం ట్రైనర్లకు కొత్త కాదు.

చివరి పరీక్ష

ఇరుకులో తిప్పడం, గట్టిగా ఆపడం, తప్పించడం, మలుపు, ఈ నాలుగే చాలా చోట్ల అడుగుతారు. అప్పటిదాకా చేయించనిది ఏదీ కొత్తగా రాదు. కాలు కింద పెడితే, గీత దాటితే, బండి ఆగిపోతే కొన్ని మార్కులు పోతాయి. బండి కింద పడితే మాత్రం సాధారణంగా పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఒక చోట మార్కులు పోయాయని తర్వాతి దాంట్లో తొందరపడకండి. చెప్పిన వేగం కంటే మరీ మెల్లగా వెళ్లినా నష్టమే, ఎందుకంటే మెల్లగా ఉన్నప్పుడే బ్యాలెన్స్ కష్టం.

ఒకవేళ పాస్ కాకపోతే ఎక్కడ తప్పిందో ట్రైనర్‌తో కూర్చుని రాసుకుని, మళ్లీ రండి. పాసైనవారు కూడా అదే ప్రశ్న అడగాలి. నాలో ఏది బలహీనంగా ఉంది? ఆ జవాబు సర్టిఫికెట్ కంటే విలువైనది.

మొదటి నెలలు

గ్రౌండ్‌లో నేర్చుకున్నది గ్రౌండ్‌కే సరిపోయేలా ఉంటుంది. మొదటి వారాల్లో పగటిపూట, పొడి రోడ్డు మీద, రద్దీ తక్కువ ఉన్న దారుల్లోనే తిరగండి. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. మనిషి ఎక్కగానే బండి బరువు, బ్రేకు దూరం, మలుపు అన్నీ మారిపోతాయి. వాన, చీకటి, పెద్ద రోడ్లు ఒక్కొక్కటిగా చేర్చుకోండి.

కూడళ్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. హర్ట్ నివేదికలోనూ ప్రమాదాలు ఎక్కువగా జరిగిన చోటు కూడలే. కారు డ్రైవర్ మీ వైపు చూసినా మిమ్మల్ని గమనించాడని నమ్మకండి. అతని కళ్లను కాకుండా కారు ముందు చక్రాన్ని చూడండి. అది కదలడం మొదలైతే మీ చెయ్యి అప్పటికే బ్రేకు మీద ఉండాలి.

వారానికోసారి ఖాళీ స్థలంలో గట్టిగా ఆపడం, ఇరుకులో తిప్పడం మళ్లీ చేయండి. రోజూ బండి నడుపుతున్నా అత్యవసర బ్రేకు రోజూ వేయం కదా, ఆ నేర్పు వాడకపోతే పోతుంది.

ఇంకో సంగతి కూడా అదే నివేదికలో ఉంది. ప్రమాదానికి గురైనవారికి సగటున దాదాపు మూడేళ్ల అనుభవం ఉన్నా, వారిలో సగానికి పైగా మంది ఆ ప్రత్యేకమైన బండిని నడపడం మొదలుపెట్టి 5 నెలలు కూడా కాలేదు. క్లచ్ పట్టుకునే చోటు, బ్రేకు బిగువు, బరువు ప్రతి బండికీ వేరుగా ఉంటాయి. కాబట్టి కోర్సు అయ్యాక సొంత బండి కొన్నా, ఏళ్ల తర్వాత బండి మార్చినా, రోడ్డెక్కే ముందు ఒక పూట ఖాళీ స్థలానికి తీసుకెళ్లి కోర్సులో చేసినవి మళ్లీ మొదటి నుంచి చేయండి: హాఫ్ క్లచ్‌తో ముందుకూ వెనక్కూ, ఎనిమిది అంకె, ఆ తర్వాత మెల్లగా వేగం పెంచుకుంటూ బ్రేకు.